బాపు అమ్మిన టికెట్లు

మా బాపు ఎవరినీ ఏదీ అడగడు. పక్కింట్లో అగ్గిపెట్టె అడగాల్సి వస్తుందంటే ఆ పూట పొయ్యి వెలిగించడమే మానేసే మనిషి. బస్సులో కండక్టరు చిల్లర ఇవ్వడం మరిచిపోతే, దిగేదాకా అతని ముఖంలోకి ఆశగా చూసి, దిగాక మా అమ్మతో "పాపం, ఆయనకు మస్తు పనున్నట్టున్నది" అనేవాడు. అలాంటి మనిషి చేతిలో మా ఖోఖో క్లబ్బు వాళ్లు లక్కీ డ్రా టికెట్ల పుస్తకం పెట్టి అమ్ముకురమ్మన్నారు. ఇందులో తప్పెవరిదో మీరే చెప్పండి.

ఇది డెబ్బై ఎనిమిది నాటి మాట. అప్పటికి నాకు పద్నాలుగేళ్లు. వరంగల్ కొత్తవాడలో మా వీధి వీధంతా జంపఖానాలు నేసేవాళ్లే. మా ఇంట్లో ముందుగది మొత్తం మగ్గానిదే, మనుషులం మిగిలిన చోట సర్దుకునేవాళ్లం. వెడల్పాటి జంపఖానా నేయాలంటే ఇద్దరు పక్కపక్కన కూర్చుని, మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకుని, చెరి సగం నేయాలి. కుడి సగం మా బాపు లక్ష్మీనర్సయ్యది. ఎడమ సగం మా అమ్మ రాజవ్వది. పోగు ఆయన చేతిలోంచి ఆమె చేతిలోకి పోయేది, మళ్లీ తిరిగి వచ్చేది. ఇద్దరూ ఇనుప పళ్ల పంజాతో పోగును దగ్గరికి కొట్టే చప్పుడు వింటూనే నేను పాఠాలు చదువుకున్నాను. బాపుకు నోట్లో నాలుక లేదు గనుక ఇద్దరి మాటలూ అమ్మే మాట్లాడేది.

నాకు మాత్రం మగ్గం కంటే మైదానమే ఇష్టం. తాలూకాఫీసులో గుమాస్తాగా చేసే రాజేశ్వర్ రావు సార్‌కు ఖోఖో అంటే పిచ్చి. ఆయన ఇంటింటికీ తిరిగి తల్లులను బతిమాలి, మా వాడకట్టు ఆడపిల్లలను పోగేసి, లంగాలు బొడ్లో దోపుకుని ఉరికే మమ్మల్ని నిక్కర్లలోకి మార్చేసరికి ఆయన జుట్టు సగం ఊడింది. మా కెప్టెన్ సరోజన. ఆమె తండ్రి పర్శరాములు మామ మా బాపుకు వరసకు బావ. వాళ్ల ఇల్లు మా వెనుక గల్లీలోనే. నేను రన్నర్ని. వరసగా కూర్చున్న వాళ్ల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ, తరిమేవాళ్లకు దొరక్కుండా ఉరకడం నా పని. ఆ పని నేను బాగా చేసేదాన్ని, ఇందులో మొహమాటం ఏమీ లేదు. ఆ ఏడు మేం జిల్లా పోటీల్లో గెలిచాం. దసరా దాటాక విజయవాడలో రాష్ట్ర పోటీలు.

గెలవడం ఒక ఎత్తు, వెళ్లడం ఒక ఎత్తు. రైలు చార్జీలు, బూట్లు, అక్కడి తిండి, అన్నీ క్లబ్బే చూసుకోవాలి. క్లబ్బంటే ఏముంది? ఒక విజిలు, రెండు కర్రలు, రాజేశ్వర్ రావు సార్. అందుకే అక్కడ ఒక కట్టుబాటు పెట్టారు. పిల్ల ఆడాలంటే తల్లో తండ్రో ఒక టికెట్ల పుస్తకం అమ్మి తీరాలి. డ్రాలో బహుమతి, తల్లిదండ్రులు కలిసి నేసే పెద్ద జంపఖానా. అంతకు ముందు ఏడు కూడా ఇలాగే చేశారు. కానీ బయటివాళ్లను అడగాలంటే అందరికీ మొహమాటమే. మా టికెట్లు వాళ్లు కొన్నారు, వాళ్ల టికెట్లు మేం కొన్నాం. డబ్బు వాడకట్టులోనే చక్కర్లు కొట్టింది. చివరికి డ్రా తీస్తే జంపఖానా పర్శరాములు మామకే వచ్చింది. దాన్ని నేసినవాళ్లలో ఆయనా ఒకడు. "నా చేతులతోని నేసుకొని, పైసలిచ్చి కొనుక్కొని, మల్ల నా ఇంటికే మోసుకొచ్చుకున్న" అని ఏడాది పొడుగునా చెప్పుకు తిరిగాడు.

అందుకే ఈసారి సార్ ముందే గట్టిగా చెప్పేశారు.

"వాడకట్టుల ఒక్క టికెట్ అమ్మినా నేనొప్పుకోను. బయటికి పోవాలె. పుస్తకం అమ్మని ఇంటి పిల్ల ఇక్కడనే ఉంటది. నాకు వేరే తొవ్వ లేదు."

ఆయన కళ్లు అందరి మీదా తిరిగి చివరికి మా బాపు మీద ఆగాయి. బాపు పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. నేను విజయవాడ వెళ్తానా లేదా అనేది ఇప్పుడు ఆ నోరు తెరుచుకోవడం మీద ఉంది.

మాకు కాజీపేట రైల్వే క్వార్టర్లు వంతుకు వచ్చాయి. పర్శరాములు మామకు కూడా కాజీపేటే. ఆయన నెల రోజుల పాటు వెళ్లి వస్తూ, నవ్వించీ కవ్వించీ సగం పుస్తకం అమ్మేశాడు. మా బాపు ఇవాళ రేపు అంటూ ఒక పట్టాన కదలలేదు. చివరికి ఒక ఆదివారం అమ్మ ఆయన భుజం మీద మచ్చుకు ఒక చిన్న జంపఖానా వేసి, నన్ను తోడిచ్చి పంపింది.

"మీ బాపు నోరు తెరవకపోతే నువ్వన్న తెరువు బిడ్డా" అంది నా చెవిలో.

మొదటి ఇల్లు గార్డు గారిది. ఆయన భార్య విమలమ్మ గారు మెట్ల మీద బియ్యం చెరుగుతున్నారు. బాపు కింది మెట్టు మీద కూర్చుని ముందు వానల సంగతి మాట్లాడాడు. తర్వాత ఇంజన్ల పొగకు తెల్లబట్టలు ఎలా మాసిపోతాయో మాట్లాడాడు. ఆమె మాకు చాయ్ కూడా ఇచ్చారు. బాపు చాయ్ తాగి, గ్లాసు కడిగి పెట్టి, వెళ్లొస్తామన్నట్టు లేచాడు. నేను మోచేత్తో పొడిచాను. అప్పుడు పుస్తకం బయటికి తీశాడు.

విమలమ్మ గారు జంపఖానాను చేత్తో తడిమి చూశారు. ఆమెకు నచ్చిందని నాకు తెలిసిపోయింది.

"టికెట్ కొంటే ఇసొంటిది నాకొస్తదా?" అని అడిగారు.

బాపు కాసేపు ఆలోచించాడు. "రాదమ్మా" అన్నాడు.

నా ప్రాణం ఉసూరుమంది.

"మస్తు మంది కొంటరు. అండ్ల ఒక్కలకే వస్తది. అది మీకే వస్తదని నేనెట్ల చెప్పాలె?"

"మరి ఎందుకు కొనాలె?"

"గదే నాకు గూడ సమజైతలేదమ్మా" అన్నాడు బాపు నిజాయితీగా. అంతటితో ఆగినా బాగుండేది. "గిసొంటిది కావాల్నంటే టికెట్ ఎందుకు? నేనే నేసిస్త. మీ గది ఎంత ఎడల్పుంటది?"

ఇక ఆయన్ను పట్టుకోవడం నా తరం కాలేదు. అంతసేపూ ముడుచుకుని కూర్చున్న మనిషి చటుక్కున లేచి, చెప్పులు విడిచి, వాళ్ల గదిని మూరలతో కొలవడం మొదలుపెట్టాడు. అంచుకు నీలం బాగుంటుందా ఎరుపు బాగుంటుందా అని ఆమెతో వాదించాడు కూడా. చప్పుడు విని పక్క క్వార్టర్ల ఆడవాళ్లు వచ్చారు. అందరికీ అదే మాట చెప్పాడు. టికెట్ కొంటే వస్తుందో రాదో, నేసిస్తే మాత్రం కచ్చితంగా వస్తుంది. సాయంత్రానికి నాలుగు ఇళ్ల వాళ్లు జంపఖానాలు కావాలన్నారు. టికెట్ ఒక్కటీ అమ్ముడుపోలేదు.

"అడ్వాన్స్ ఇయ్యమంటరా?" అన్నారు విమలమ్మ గారు.

"వస్తువు కండ్ల చూడకుండ పైసలెట్ల తీసుకుంట? చేతికొచ్చినంక ఇద్దురుగాని."

బస్సులో బాపు కూనిరాగం తీశాడు. నేను కిటికీ వైపు తిరిగి ముఖం మాడ్చుకుని కూర్చున్నాను. ఆయనకు నా కోపం కూడా అర్థం కాలేదు. ఎండ తగిలిందేమోనని తన తువ్వాలు తీసి నా తల మీద కప్పాడు. కోపం పట్టుకుని ఉండడం అప్పుడు ఇంకా కష్టమైంది.

ఇంటికి రాగానే అమ్మ ఒంటికాలి మీద లేచింది.

"టికెట్లు అమ్మి రమ్మంటే మగ్గానికి పని తెచ్చినవా? ఓ అరుణ బాపూ, నిన్ను ఏ తీరుగ పుట్టించిండో ఆ దేవుడు!"

"నాలుగు జంపఖానాలే రాజవ్వా. కమీషన్ తినే సేటు నడుమ లేకుంట" అన్నాడు బాపు ఆనందంగా.

అసలు తిప్పలు మూడు రోజుల తర్వాత వచ్చాయి. పర్శరాములు మామ సైకిల్‌ను మా గోడకు విసిరేసినట్టు ఆనించి లోపలికి వచ్చాడు. కాజీపేటలో ఆయన ఏ గడప ఎక్కినా ఒకటే మాట అట. మొన్న ఒకాయన వచ్చి, టికెట్లు కొనొద్దు, నేసిస్తానన్నాడని. అంతకు ముందు కొన్నవాళ్లు కూడా పిలిచి టికెట్లు వాపసు ఇచ్చి పైసలు తీసుకున్నారట.

"నెల రోజులు గడపగడపకు తిరిగి పండ్లు ఇకిలించి అమ్మిన. ఒక్క పూటల అంత కడిగి పారేసినవ్ గద బావా! గడపల నిలవెట్టి 'మీదంత మోసమేనా' అని అడిగింది ఒకామె. నన్ను!"

బాపు ముఖంలో నెత్తురు చుక్క లేదు. తాను చెప్పిన మాట నిజమే కదా అన్న అయోమయం ఒకవైపు, బావను తలవంపుల పాలు చేశానన్న బాధ ఇంకోవైపు. మామ కూర్చోవడానికి పీట జరిపాడు. మామ ఆ పీట వైపు చూసి, "మాట్లాడవ్. నువ్వెందుకు మాట్లాడ్తవ్?" అని సైకిల్ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన మా వీధి నుంచి కాకుండా చుట్టూ తిరిగి నీళ్ల నల్లా దగ్గరికి వెళ్లేవాడు.

మైదానంలో తల్లిదండ్రులంతా కూడారు. రాజేశ్వర్ రావు సార్ తల పట్టుకుని కూర్చున్నారు. కాజీపేట మాట ఊరంతా పాకి టికెట్ల పని అయిపోయిందని అందరికీ తెలుసు. ఒక్క నా పుస్తకం కాదు, అందరి పుస్తకాలూ మునిగాయి. బాపు ఒక చివర నిలబడి ఉంటే ఎవరూ ఆయన పక్కన నిలబడలేదు. అది చూసి నాకు టోర్నమెంటు సంగతే మరుపొచ్చింది. ఆయన పక్కకు వెళ్లి చేయి పట్టుకున్నాను.

మాట్లాడింది అమ్మ.

"టికెట్లు అమ్ముడు మనకు రాదని రెండేండ్లు చూసినం. వచ్చిన పని చేద్దాం. నాలుగు జంపఖానాలు కావాలన్నరు. బహుమతికని తెచ్చిన నూలున్నది. తలా ఇంత మిగిలిన నూలు తెద్దాం. రైలెక్కే రోజు లోపల నేసి ఇద్దాం. వచ్చిన పైసలన్ని క్లబ్బుకే. ఎవలకు కూలి లేదు."

"టైం సరిపోతదా అక్కా?" అన్నారు సార్.

"టైం సరిపోకపోతె మన పిల్లలు ఇంట్ల ఉంటరు. మనం ముఖాలు చూసుకుంట కూసుందాం."

అందరూ ఒప్పుకున్నారు. మూడు జంపఖానాలు మూడు ఇళ్లవాళ్లు తీసుకున్నారు. ఇంటికి ఇద్దరు చాలరని, నేత వచ్చిన వాళ్లంతా పూటకొకరు మారుతూ ఆ మూడు మగ్గాల దగ్గరే సర్దుకున్నారు. నాలుగోది, అన్నింటికంటే పెద్దది, విమలమ్మ గారిది మా ఇంటికి వచ్చింది. పర్శరాములు మామ ఒక్కడే లేచి వెళ్లిపోయాడు. చేనేత సొసైటీ నుంచి నూలు రాక ఆయన మగ్గం ఖాళీగానే ఉంది. అయినా ఆయన్ను రమ్మని ఎవరు పిలవాలి?

మా ఇంట్లో తెల్లవారుజామున మొదలైన పంజా చప్పుడు దీపాలు పెట్టేదాకా ఆగేది కాదు. నేను ప్రాక్టీసు నుంచి వచ్చి వంట చేసేదాన్ని. నా అన్నం తినలేక బాపు నీళ్లు ఎక్కువ తాగేవాడు. మూడొంతుల్లో ఒక వంతు కూడా కాకముందే అమ్మకు చలిజ్వరం వచ్చింది. మొదటి రోజు దాచుకుని నేసింది. రెండో రోజు పంజా చేతిలోంచి జారిపోయింది. బాపు ఆమెను రిక్షాలో దవాఖానాకు తీసుకెళ్లి, మందులు తెచ్చి, నాలుగు రోజులు లేవొద్దన్నారని చెప్పాడు. రైలు అంతకంటే ఎక్కువ దూరంలో లేదు.

ఆ మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి బాపు మగ్గం మీద ఒక్కడే ఉన్నాడు. కుడి వైపు కూర్చుని తన సగం నేశాడు. తర్వాత గుంతలోంచి కాళ్లు తీసి, పలక మీద జరుగుతూ ఎడమ వైపుకు వెళ్లి, అమ్మ సగం నేశాడు. మళ్లీ కుడి వైపుకు జరిగాడు. ఒక్క వరసకు అటూ ఇటూ. మంచంలోంచి అమ్మ సన్నగా తిడుతోంది.

"పోయి పర్శరాములన్నను పిలువయ్యా. ఆయన గాక ఎవలున్నరు ఇప్పుడు? అందరు మగ్గాల మీదనే ఉండిరి."

బాపు విననట్టు పంజా గట్టిగా కొట్టాడు.

నాకు నేత రాదని కాదు. ఎనిమిదో ఏట నుంచే చూస్తున్నాను, సెలవుల్లో అమ్మ పక్కన కూర్చుని నేశాను కూడా. ఇంకేం ఆలోచించకుండా పుస్తకాల సంచి పక్కన పడేసి, ఎడమ వైపు పలక మీద కూర్చుని గుంతలోకి కాళ్లు పెట్టాను.

"తియ్యి!"

బాపు అరవడం నేను అదే మొదటిసారి వినడం. అమ్మ కూడా తిట్లు ఆపేసింది.

"కాళ్లు బయటికి తియ్యి. ఎన్నడన్న పెట్టు గాని ఇప్పుడు పెట్టకు. నీ కాళ్లు గుంతల పెట్టనీకె గాదు నేనిదంత చేస్తాంది. పో, మైదానం కాడికి పో. ఉరుకుపో!"

నేను కాళ్లు బయటికి తీశాను గానీ మైదానానికి వెళ్లలేదు. బాపు కాసేపు నేసిన గుడ్డ వైపు, నేయాల్సిన పడుగు వైపు చూశాడు. తర్వాత తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. నేను కొంచెం ఎడంగా వెనకాలే వెళ్లాను.

పర్శరాములు మామ అరుగు మీద బీడీ కాలుస్తున్నాడు. సరోజన తలుపు చాటు నుంచి నాకు సైగ చేసింది. బాపు వెళ్లి అరుగు కింద నిలబడ్డాడు. మామ తల ఎత్తలేదు.

"వాన పడేటట్టున్నది" అన్నాడు బాపు.

మబ్బు జాడ లేదు. మామ ఆకాశం వైపు కూడా చూడలేదు.

"సొసైటీల నూలు ఎప్పుడొస్తదంటాన్రు?"

మామ బీడీ నుసి రాల్చాడు. ఆయన కావాలనే ఊరుకున్నాడని నాకు ఒళ్లు మండిపోయింది. బాపు తువ్వాలు చివర పట్టుకుని నలుపుతున్నాడు. ఇక తిరిగి వచ్చేస్తాడు అనుకున్నాను. ఆయన తిరిగి రాలేదు.

"బావా" అన్నాడు. "రాజవ్వకు జరం వచ్చింది. జంపఖానా సగం గూడ కాలే. నాకొక మనిషి కావాలె. నువ్వు వచ్చి నా పక్కన కూసోవాలె. నా బిడ్డ పోవాలె బావా. నేను నిన్ను అడుగుతాన."

ఆ చివరి మాట అనడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో నేను చూశాను.

"గింత సేపా అడగనీకె?" అన్నాడు మామ.

"నాకు రాదు బావా. నూలు దొరుకని ఏడు మా అవ్వ నన్ను ఎంటేసుకొని ఊరూరు తిరిగింది. గింజలు అడుక్కొచ్చుకున్నం. ఒక ఇంట్ల బిచ్చం ఏసి, 'నేసేటోళ్లకు గూడ గీ గతి పట్టెనా' అని నవ్విన్రు. మా అవ్వ చెయ్యి అట్లనే పట్టుకొని నిలవడ్డది. గప్పటి సంది ఎవల ముందట నిలవడ్డ నాకు నోరు లేవది."

మా నాయనమ్మ అలా ఊరూరూ తిరిగిన సంగతి నాకు తెలియదు. అమ్మకు తెలుసో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. అక్కడే గోడకు ఆనుకుని నేను ఏడ్చాను.

మామ బీడీ ఆర్పేశాడు.

"నాకెర్క లేదానయ్యా? గా ఏడు మీ ఎనక మేం గూడ తిరిగినం. మా అవ్వ, నేను, చెల్లె. నువ్వు ఆ గడపల నోరు పోగొట్టుకున్నవ్, నేను సిగ్గు పోగొట్టుకున్న. గందుకే నేను టికెట్లు అమ్మగల్గుతాన, నువ్వు అమ్మలేకపోతానవ్. గంతే." లేచి, లోపలికి చూసి కేకేశాడు. "సరోజనా, నా పంజా తే బిడ్డా. మీ మామకు పని పడ్డది."

దారిలో ఆయన నా తల మీద ఒక మొట్టికాయ వేశాడు. "ఎందుకే ఏడుస్తానవ్? మీ బాపు గింత పొడుగు మాట మాట్లాడిండని పండుగ చెయ్యాలె గాని!"

మూడు రోజులు వాళ్లిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. మామ నేతలో పంజా దెబ్బ వదులు అని మా బాపుకు ఎప్పటి నుంచో అభిప్రాయం. ఒక వైపు బిగువుగా, ఒక వైపు వదులుగా వస్తే ఆయనకు నిద్ర పట్టదు. అయినా ఒక్క మాట అనలేదు. తన దెబ్బే కొంచెం తగ్గించుకున్నాడు. అది గమనించి మామ తన దెబ్బ పెంచాడు. మంచంలోంచి అమ్మ చప్పుడు విని, "ఇద్దరు ఎవలకెవలు తగ్గుతాన్రో సమజైతలేదు" అని నవ్వింది. జ్వరం దిగుతోందని నాకు అప్పుడే ధైర్యం వచ్చింది.

రైలెక్కే రోజు పొద్దున్నే జంపఖానాను మగ్గం నుంచి దింపారు. సీట్లు దొరుకుతాయని సార్ మమ్మల్ని కాజీపేటలోనే ఎక్కిస్తానన్నారు. కాబట్టి అందరం కలిసే వెళ్లాం. నాలుగు జంపఖానాలు మోసుకుని తల్లిదండ్రులు ముందు, కొత్త బూట్లు కరుస్తుంటే కుంటుతూ మేం వెనుక. ఆ బూట్లు సార్ ఒక షాపులో అరువు పెట్టి తెచ్చినవి. విమలమ్మ గారు జంపఖానా పరిచి, దాని మీద చెప్పుల్లేకుండా అటూ ఇటూ నడిచి చూసుకున్నారు. పైసలు ఇచ్చి, మా చేతుల్లో జామపండ్లు కూడా పెట్టారు. మిగతా మూడిళ్ల పైసలూ కలిపి, బాపు లెక్క పెట్టకుండానే సార్ చేతికిచ్చాడు.

పాసింజరు వచ్చింది. తోసుకుంటూ ఎక్కాం. నాకూ సరోజనకూ కిటికీ దొరికింది. ప్లాట్‌ఫారం మీద అమ్మ, ఇంకా నీరసంగానే, చెప్పాల్సినవన్నీ చెబుతోంది. చల్లనీళ్లు తాగొద్దు, ఉరికేటప్పుడు కిందికి చూడు, రాత్రి సరోజన పక్కనే పండుకో. బాపు మామూలుగానే పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన ఏమీ అనడని నాకు తెలుసు. తెలిసినా, ఏదైనా అంటాడేమో అని ఆయన వైపే చూస్తున్నాను. చూస్తుండగానే ఆయన కనిపించకుండా పోయాడు. నా మనసు చిన్నబోయింది.

అంతలో మా రైలు డబ్బాలోంచే ఆయన గొంతు వినిపించింది. వెనక్కి తిరిగి చూస్తే, తలుపు పక్క బల్ల మీద మూట పెట్టుకుని కూర్చున్న ముసలాయన ముందు మా బాపు నిలబడి ఉన్నాడు.

"అయ్యా, ఎందాక పోతాన్రు? గా కిటికీ కాడున్నది నా బిడ్డ. అరుణ. ఖోఖో ఆడనీకె విజయవాడ పోతాంది. ఎన్నడు ఊరు దాటలే. జర చూసుకోండ్రి."

ముసలాయన తల ఊపాడు. బాపు పక్క బల్లకు జరిగాడు. అక్కడ చంటిపిల్లను ఒళ్లో పెట్టుకున్న ఒకామె. "అమ్మా, గా కిటికీ కాడున్నది నా బిడ్డ. జర చూసుకోండ్రి." తర్వాత ఇద్దరు జవాన్లు. తర్వాత పల్లీలు అమ్ముకునేవాడు. తర్వాత నిద్రపోతున్న ఒకాయన. ఆయన్ను లేపి మరీ చెప్పాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. సరోజన పొట్ట పట్టుకుని నవ్వుతోంది. మా సార్ లేచి వచ్చారు.

"లక్ష్మీనర్సయ్యా, నేనున్న గద!"

"మీకు గూడ చెప్తాన సార్. జర చూసుకోండ్రి."

బండి కూత వేసింది. బాపు ఇంకా రెండు బల్లలు మిగిలాయన్నట్టు వాటి వైపు చూశాడు. కిటికీలోంచి మామ చేయి పెట్టి ఆయన చొక్కా లాగుతూ "దిగు బావా, బండి కదుల్తాంది" అని అరుస్తున్నాడు. బాపు తలుపు వైపు నడుస్తూనే ఆ రెండు బల్లల వాళ్లకూ చెప్పాడు. దిగి, కదులుతున్న బండితో పాటు కొంత దూరం ఉరికాడు. నా దగ్గరికి వచ్చాక మాత్రం ఏమీ అనలేదు. కిటికీ ఊచ మీద ఉన్న నా చేతి మీద ఒకసారి చేయి వేసి వదిలేశాడు.

నేను ముఖం లోపలికి తిప్పుకోలేదు. తిప్పితే అందరూ నా కళ్లు చూస్తారు. కాసేపటికి ఎవరో నా భుజం తట్టారు. చంటిపిల్ల తల్లి.

"తిన్నవా బిడ్డా?" అని అడిగింది.

తిన్నానన్నాను. డోర్నకల్ దాటేలోపు ముసలాయన అడిగాడు, జవాన్లు అడిగారు, నిద్ర చెడగొట్టించుకున్న ఆయన కూడా అడిగాడు. పల్లీలవాడు అడగకుండానే ఒక పొట్లం నా ఒళ్లో పెట్టి, పైసలిస్తే తీసుకోలేదు. "మీ నాయిన చెప్పిండు గద" అని పక్క డబ్బాలోకి వెళ్లిపోయాడు.